నల్లజాతి మేధావి ఎవరికి ఉత్తరవాది? – ‘ప్రతిభావంతులైన పదోవంతు’ భావనపై విమర్శ

అమెరికా నల్లజాతి మేధావుల బాధ్యతను గురించిన చర్చ ఏ భాషలో సాగినా తరచుగా రెండు వాక్యాల దగ్గర ఆగిపోతుంది. మేధావి గొంతు లేనివారికి గొంతు కావాలన్నది ఒకటి. దారి తెలియనివారికి దారి చూపాలన్నది మరొకటి. ఉదాత్తంగా వినిపించే ఈ రెండింటిలోనూ ఒక అవమానం దాగి ఉంది. మిసిసిపీ పత్తిచేలల్లో పంటలో పాలుకు సేద్యం చేసినవారికి గాని, షికాగో దక్షిణ భాగపు ఇరుకు గదుల్లో కాపురం చేసినవారికి గాని గొంతు లేకపోలేదు. వినవలసిన చోట వారి మాట వినబడకుండా చట్టం, పోలీసు, బడి, పత్రిక కలిసి కట్టుదిట్టం చేశాయి. వారికి గొంతు లేదనడం ఆ కట్టుదిట్టాన్ని కప్పిపుచ్చడమే. అందువల్ల మేధావి తన ప్రజల తరఫున ఎంత గొప్పగా మాట్లాడాడన్న కొలత చాలదు. ఆ ప్రజలు అతన్ని ఎక్కడ నిలబెట్టి ప్రశ్నించగలిగారు, అతని మాటను ఎప్పుడు కాదనగలిగారు, కాదన్నప్పుడు అతడేం చేశాడు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి అతని నైతికతను తూచాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. దీనికి సాక్ష్యం నల్లజాతి మేధో చరిత్రలోనే పుష్కలంగా ఉంది. ఆ చరిత్రను మహానుభావుల జీవితకథల వరుసగా చదివే అలవాటు వల్ల అది కంటబడడం లేదు.

సహవాసి అనువదించిన ‘ఏడు తరాలు’ ద్వారా బానిసత్వపు కథ తెలుగు పాఠకుల ఇళ్లలోకి వచ్చింది. 1865లో బానిసత్వం రద్దయిన తరువాతి నూరేళ్లలో చదువుకున్న నల్లవారికీ చదువు దక్కని నల్లవారికీ మధ్య నడిచిన వాదం మాత్రం అంతగా రాలేదు. విముక్తి తరువాతి కథలో అసలు కష్టమైన అధ్యాయం అది.

ఆ వాదానికి కేంద్రం ‘ప్రతిభావంతులైన పదోవంతు’ అన్న భావన. 1896లో హెన్రీ మోర్‌హౌస్ అనే శ్వేతజాతి బాప్టిస్టు మతబోధకుడు వాడిన ఈ మాటను 1903లో డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ తన వ్యాసానికి శీర్షిక చేసుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయుడు ఆయన. అప్పటికి దక్షిణాది రాష్ట్రాలు ఒకటొకటిగా నల్లవారి ఓటుహక్కును ఊడబెరుకుతున్నాయి. అలబామాలోని టస్కీగీ విద్యాలయాధిపతి బుకర్ టి. వాషింగ్టన్ చేతిపనుల విద్యను ముందుంచి, రాజకీయ హక్కుల మాటను వెనక్కు నెట్టారు. 1895లో అట్లాంటాలో ఆయన చేసిన ప్రసంగానికి తెల్లవారి పత్రికలు నీరాజనాలు పట్టాయి. 1903లోనే ఉక్కు వ్యాపారి కార్నెగీ టస్కీగీకి 6 లక్షల డాలర్లిచ్చారు. నల్లవారికి ఉన్నతవిద్య అనవసరమన్న వాదం ధనబలంతో ఊరేగుతున్న ఆ రోజుల్లో, కళాశాల చదువు చదివిన నల్లవారు జాతికి అవసరమని డుబాయిస్ వాదించడం న్యాయమే. అంతవరకు పేచీ లేదు.

పేచీ ఆ వాదపు నిర్మాణంతో. పదోవంతు పైకెదిగి మిగతా తొమ్మిది వంతులను పైకి లాగుతుందని దాని సారాంశం. లాగేవారికి జ్ఞానంతోపాటు త్యాగబుద్ధి కూడా తనంత తానే అబ్బుతుందన్నది అందులో నిరూపణ అక్కరలేని సత్యంగా చెలామణి అయింది. లాగబడేవారికి తమ స్థితిని గురించి తెలిసినదేమిటో ఆ లెక్కలోకే రాలేదు. వారు ఎక్కడికి వెళ్లదలిచారో అడగవలసిన అవసరమూ కనిపించలేదు.

ఈ లోపం డుబాయిస్‌కు అనుభవం లేక వచ్చింది కాదు. 1896–97లో ఆయన ఫిలడెల్ఫియా ఏడో వార్డులోనే కాపురముండి, ఇంటింటికీ తానే తిరిగి, ప్రశ్నావళులు నింపి ‘ఫిలడెల్ఫియా నీగ్రో’ (1899) రచించారు. ఆ పరిశోధన చేయించిన విశ్వవిద్యాలయం ఆయనకు పాఠం చెప్పే అవకాశమైనా ఇవ్వలేదు. అమెరికా సామాజిక శాస్త్రంలో ఆ గ్రంథం మూలస్తంభాల్లో ఒకటి; పేదరికానికి కారణం జాతిలో లేదనీ, ఉద్యోగాల తలుపులు మూసివేయడంలో ఉందనీ అది అంకెలతో చూపింది. అయినా అందులో అక్కడక్కడ ఒక ఉపాధ్యాయుడి బెత్తం కనిపిస్తుంది. వార్డులోని పేదల నడవడిని, ఖర్చులను, కాపురాలను ఆయన మందలించారు. తమను ఎందుకో పరీక్షిస్తున్నారని ఆ వార్డువాసులు తనను అనుమానంగా చూశారని కూడా ఆయనే తరువాత రాసుకున్నారు. ఆ అనుమానం అజ్ఞానం కాదు. తమ ఇంటి గుట్టు ఎవరి చేతికి పోతుందో, దాన్ని వారు ఏ పనికి వాడతారో అడిగే హక్కు అందులో ఉంది.

1899 ఏప్రిల్‌లో జార్జియాలో శామ్ హోజ్ అనే నల్లజాతి వ్యవసాయ కూలీని వేల జనం ముందు చిత్రహింస పెట్టి సజీవంగా దహనం చేశారు. అట్లాంటాలో ఆచార్యుడుగా ఉన్న డుబాయిస్ ఆ వార్త విని, నిదానంగా వాస్తవాలు వివరించే ఒక లేఖ రాసుకుని స్థానిక దినపత్రిక కార్యాలయానికి బయలుదేరారు. హోజ్ చేతి కణుపులు ఆ దారిలోనే ఒక సరుకుల దుకాణపు అద్దాల వెనుక ప్రదర్శనకు పెట్టారని నడకలోనే తెలిసింది. ఆయన వెనుదిరిగి ఇంటికి వెళ్లిపోయారు. మనుషులను తగలబెడుతుండగా నిర్లిప్త శాస్త్రజ్ఞుడిగా ఉండడం సాధ్యం కాదన్న ఎరుక ఆ నడకలోనే కలిగిందని ఆయన చెప్పుకున్నారు. ఈ ఘట్టాన్ని మేధావి మేల్కొలుపుగా ఉటంకించడం పరిపాటి. అయితే ‘ప్రతిభావంతులైన పదోవంతు’ దీని తరువాత నాలుగేళ్లకు వచ్చిన వ్యాసమని గుర్తుంచుకోవాలి. ఏ పని చేయాలన్న విషయంలో డుబాయిస్ మారారు. ఎవరి ముందు నిలబడి చేయాలన్న విషయంలో ఇంకా మారలేదు.

ఆ రెండో మార్పు అప్పటికే ఒకరి జీవితంలో జరిగిపోయింది. ఐడా బి. వెల్స్ మెంఫిస్‌లో బడిపంతులమ్మ. నల్లపిల్లల బడుల దుస్థితిని విమర్శిస్తూ తన పత్రికలో రాసినందుకు 1891లో ఉద్యోగం పోయింది. 1892 మార్చిలో ఆమె మిత్రుడు థామస్ మాస్‌నూ మరి ఇద్దరినీ గుంపు చంపింది; వారు నడిపిన సరుకుల కొట్టు ఎదుటి తెల్ల వర్తకునికి పోటీ కావడమే ఆ నేరం వెనుక కథ. నల్లవారిని ఇలా చంపడం అత్యాచారాలకు ప్రతీకారమన్న ప్రచారాన్ని అంతవరకు తానూ ఎంతో కొంత నమ్మానని వెల్స్ నిజాయితీగా ఒప్పుకున్నారు. తరువాత తెల్లవారి పత్రికల్లో అచ్చయిన వార్తలనే, వారి లెక్కలనే తీసుకుని ఆ ప్రచారం అబద్ధమని నిరూపించారు. మే నెలలో ఆమె ఊళ్లో లేనప్పుడు పత్రికా కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. తిరిగి వస్తే ప్రాణం దక్కదన్నారు. ఆ అక్టోబరులో న్యూయార్క్, బ్రూక్లిన్ నల్లజాతి మహిళలు సభ జరిపి, సుమారు 500 డాలర్లు పోగుచేసి ఆమె చేతిలో పెట్టారు. ‘సదరన్ హారర్స్’ ఆ డబ్బుతో అచ్చయింది.

6 లక్షల డాలర్ల పక్కన 500 డాలర్లు ఎంత? లెక్కలో ఏమీ కాదు. అయితే టస్కీగీ సొమ్ముకు ఒక షరతు ఉంది, దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టనక్కరలేదు. వాషింగ్టన్ బహిరంగంగా అనలేని మాటలను చాటుగా చేతల్లో పెట్టవలసి వచ్చింది. ఓటుహక్కు తొలగింపును సవాలు చేసిన వ్యాజ్యాలకు ఆయన రహస్యంగా డబ్బిచ్చిన సంగతి చాలా కాలానికి గాని బయటపడలేదు. ఆ రహస్యం ఆయనలోని మంచితనానికి సాక్ష్యమే. బహిరంగ వేదికపై ఆయన ఎవరికి జవాబు చెప్పుకుంటున్నారో అన్నదానికి కూడా అదే సాక్ష్యం. వెల్స్‌కు అలాంటి చాటు అక్కరలేకపోయింది. 1909లో నేషనల్ అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ కలర్డ్ పీపుల్ ఏర్పాటుకు నలభైమందితో సంఘం వేసినప్పుడు మొదట చదివిన జాబితాలో ఆమె పేరు లేదు. దాన్ని తీసివేసింది డుబాయిసేనని ఆమె ఆత్మకథ చెబుతుంది. పదోవంతులోనూ ఎవరిని లెక్కించాలో కొందరే నిర్ణయించేవారు.

1918 జూలైలో డుబాయిస్ తాను సంపాదకుడుగా ఉన్న ‘క్రైసిస్’ పత్రికలో, యుద్ధం ముగిసేదాకా నల్లవారు తమ ప్రత్యేక ఫిర్యాదులను మరచి తెల్లవారితో భుజం కలపాలని రాశారు. సైనిక గూఢచార విభాగంలో కెప్టెన్ హోదా కోసం ఆయన పేరు పరిశీలనలో ఉన్న రోజులవి. హార్లెం వీధిమూలల్లో పెట్టె మీద నిలబడి ప్రసంగించే హ్యూబర్ట్ హారిసన్ ఆ రాతను తన పత్రికలో తూర్పారబట్టారు. హారిసన్‌కు డిగ్రీ లేదు. పోస్టాఫీసు గుమాస్తాగా బతికిన వాడు. వాషింగ్టన్‌ను విమర్శిస్తూ పత్రికకు ఉత్తరాలు రాసినందుకు 1911లో ఆ ఉద్యోగమూ పోగొట్టుకున్నాడు. డుబాయిస్‌కు ఆ హోదా చివరకు దక్కలేదు, మచ్చ మాత్రం మిగిలింది. హారిసన్ తన మాటలను రోజూ దారినపోయేవారి ముందు పరీక్షకు పెట్టేవాడు. నచ్చకపోతే జనం నడిచి వెళ్లిపోతారు, తప్పు మాట్లాడితే అక్కడే అడ్డుతగులుతారు. విశ్వవిద్యాలయపు ఉపన్యాస మందిరంలో ఈ రెండు సౌకర్యాలూ లేవు.

డుబాయిస్ గొప్పతనం ఆయన తప్పులు చేయకపోవడంలో లేదు. వాటిని తానే తిరగదోడుకోవడంలో ఉంది. 1948లో విల్బర్‌ఫోర్స్‌లో, నల్లజాతి సంపన్న వృత్తినిపుణుల సంఘం ముందే నిలబడి, తన పాత వాదాన్ని తానే ఖండించారు. చదువుతోపాటు త్యాగం వస్తుందనుకోవడం పొరపాటని, తన సిద్ధాంతం స్వార్థపరుల వర్గాన్ని తయారు చేయగలదని ఒప్పుకున్నారు. ఆ సభికుల ముఖం మీద ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. అయితే ఆయన సూచించిన విరుగుడు ‘మార్గదర్శకమైన నూరోవంతు’! పదోవంతు నూరోవంతుగా కుదించుకుంది, మెట్ల వరుస మాత్రం చెక్కుచెదరలేదు. మిగిలిన పాఠాన్ని మూడేళ్లకు ప్రభుత్వం నేర్పింది. 1951 ఫిబ్రవరిలో, 82 ఏళ్ల వయసులో, శాంతి ఉద్యమంలో పనిచేసినందుకు విదేశీ శక్తుల ఏజెంటుగా నమోదు కాలేదన్న అభియోగంపై ఆయన చేతులకు సంకెళ్లు వేశారు. జన్మదిన విందుకు మాట్లాడుకున్న హోటలు ఏర్పాటును రద్దు చేసుకుంది. ఆయన ఎవరికోసమైతే పదోవంతు సిద్ధాంతం కట్టారో ఆ వర్గంలో అనేకులు ముఖం చాటేశారు. కార్మిక సంఘాలు, సామాన్య నల్లజనం అండగా నిలిచారు. నవంబరులో న్యాయమూర్తి కేసు కొట్టివేశారు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఆయన మరుసటి ఏడు పుస్తకంలో రాసిపెట్టారు.

ఇక్కడ మరో రకం మేధావిని ప్రస్తావించక తప్పదు. అతడు పేదలకు దూరంగా ఉండడు, వారిని గురించే నిరంతరం మాట్లాడతాడు, మాట్లాడి మందలిస్తాడు. కుటుంబాలు చెదిరిపోయాయని, పిల్లలు దారితప్పారని, విలువలు పోయాయని అతని ఫిర్యాదు. అతని మాట అబద్ధం కాకపోవచ్చు. ఆ మాట ఏ చేతిలో పడుతుందన్నదే ప్రమాదం. సామాజిక శాస్త్రవేత్త ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1939లో నల్లజాతి కుటుంబంపై రాసిన గ్రంథం బానిసత్వం, వలస, పట్టణ నిరుద్యోగం కుటుంబాలపై వేసిన దెబ్బను నమోదు చేసింది. ఆయన చనిపోయిన మూడేళ్లకు, 1965లో, కార్మికశాఖ అధికారి మొయినిహన్ నివేదికలో ఆ పరిశోధన ఆధారంగా కనిపించింది. నిరుద్యోగం వెనక్కు తగ్గి కుటుంబమే రోగంగా ముందుకొచ్చింది. నల్లజాతి మధ్యతరగతిని ‘బ్లాక్ బూర్జువాజీ’లో ఏకిపారేసిన రచయితే పేదలపై తీర్పు చెప్పేవారికి సాక్షి అయ్యాడు. మరణించినవాడు అభ్యంతరం చెప్పలేడు. కాని బతికి ఉన్నవారు చేసిందేమిటి? 1986 మాదకద్రవ్య చట్టం 5 గ్రాముల క్రాక్‌కు కనీసం అయిదేళ్ల జైలు విధించింది. అదే శిక్ష పొడి కొకైన్‌కు పడాలంటే 500 గ్రాములుండాలి. క్రాక్ పేద నల్లపేటల సరుకు. నల్లజాతి ప్రజాప్రతినిధుల్లో కొందరు కూడా ఆ చట్టానికి చేయెత్తారు. తమ పేటలు కాలిపోతున్నాయన్న ఆర్తి వారిలో నిజమే. పేటలవారు పోలీసుతో పాటు ఉద్యోగాలు, బడులు, చికిత్స కూడా అడిగారు. ప్రభుత్వం మొదటిదొక్కటే ఇచ్చిందని జేమ్స్ ఫోర్మన్ జూనియర్ 2017లో వాషింగ్టన్ నగర చరిత్ర ఆధారంగా వివరించారు. నాలుగు అడిగితే ఒకటి దక్కినప్పుడు, ఆ ఒక్కదాన్నే ప్రజల కోరికగా చూపించడం మేధావి చేయకూడని పని. వంద రెట్ల ఆ తేడాను 18 రెట్లకు తగ్గించడానికి 2010 దాకా పట్టింది.

వేరే దారి ఉందా అంటే, ఉంది. దాన్ని తీర్చిదిద్దినవారి పేర్లు సిద్ధాంత చర్చల్లో అరుదుగా వినిపిస్తాయి. దక్షిణ కరోలినా తీరంలోని జాన్స్ ఐలండ్‌లో ఈసా జెంకిన్స్ అనే వ్యక్తి చార్లెస్టన్‌కు బస్సు నడుపుతూ, దారిలో ప్రయాణికులకు ఓటు నమోదు పరీక్షకు కావలసిన రాజ్యాంగ భాగాలు చదివించేవాడు. తమ దీవికి పెద్దవారి బడి కావాలని అడిగింది అతడే. సెప్టిమా క్లార్క్ అనుభవం పండిన ఉపాధ్యాయిని. హక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో నలభై ఏళ్ల ఉద్యోగం, దానితో పింఛనూ పోయాయి. 1957 జనవరిలో బడి మొదలైనప్పుడు పాఠం చెప్పడానికి ఆమె తనవంటి ఉపాధ్యాయులను పిలవలేదు. సిగలంకరణ వృత్తి చేసుకునే బెర్నిస్ రాబిన్సన్‌ను పిలిచారు. ఆ ఎంపికలో రెండు తెలివితేటలున్నాయి. రాబిన్సన్ ఖాతాదారులంతా నల్లవారే కాబట్టి తెల్ల యజమాని ఆమె కూడు లాగేయలేడు. ఆమె పంతులమ్మ కాదు కాబట్టి పెద్దవాళ్లను పిల్లల్లా చూడదు. మొదటి తరగతికి వచ్చిన పధ్నాలుగుమందిని మీకేం నేర్చుకోవాలనుందని ఆమె అడిగారు. పేరు రాయడం, బైబిలు చదవడం, తపాలా ద్వారా సరుకు తెప్పించుకునే ఫారం నింపడం అన్నారు. పాఠ్యప్రణాళిక అదే అయింది. గోడకు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన కూడా తగిలించారు. తరగతులు ముగిసేనాటికి దాన్ని చదవగలగాలన్నది లక్ష్యం. ఆ బడి నమూనా తరువాత దక్షిణాది అంతటా వేల ఓట్లకు మూలమైంది.

హార్వర్డ్‌లో తత్త్వశాస్త్రం చదివి న్యూయార్క్‌లో గణితం బోధించిన రాబర్ట్ మోజెస్ 1960లో మిసిసిపీకి వెళ్లినప్పుడు, ఎల్లా బేకర్ ఇచ్చిన పరిచయాలే ఆయన చేతిలో ఉన్నాయి. నాయకులను తయారు చేయడం కన్నా నాయకుల అవసరం లేని జనాన్ని తయారు చేయడం మేలని నమ్మిన మనిషి బేకర్. విద్యార్థుల మనసంతా అప్పుడు ఫలహారశాలల్లో బైఠాయింపుల మీద ఉంది. క్లీవ్‌లండ్ పట్నంలో అమ్జీ మూర్ అనే స్థానిక ఉద్యమకారుడు అది తమకు పనికిరాదని, తమకు కావలసింది ఓటు అని తేల్చి చెప్పాడు. మోజెస్ విన్నారు. వినడం తేలిక గుణంగా కనిపిస్తుంది, కాని దాని ఖరీదు మరుసటి ఏడు తెలిసింది. 1961 సెప్టెంబరులో, మోజెస్‌ను కారులో ఊళ్లకు తిప్పిన రైతు హెర్బర్ట్ లీని రాష్ట్ర శాసనసభ్యుడొకడు పట్టపగలు కాల్చి చంపాడు, శిక్ష పడలేదు. మేధావి బాధ్యతను గురించిన సిద్ధాంతాలన్నీ దాటవేసే అసమానత ఇక్కడుంది. బయటినుంచి వచ్చినవాడికి తిరిగి వెళ్లే దారి ఉంటుంది. హెర్బర్ట్ లీకి ఆ పొలమే దారి, ఆ పొలమే గమ్యం.

ఈ అసమానత పూర్తి రూపంలో కనిపించింది 1964 ఆగస్టులో, అట్లాంటిక్ సిటీలో. మిసిసిపీ డెమొక్రాటిక్ పార్టీ తెల్లవారికే పరిమితమైనందున, ఫ్రీడమ్ డెమొక్రాటిక్ పార్టీ పేరుతో 68 మంది ప్రతినిధులు జాతీయ మహాసభకు వచ్చి ఆ స్థానాలు తమవన్నారు. అందులో పంట పాలుకు చేసేవారు, ఇంటిపని చేసేవారు, చిన్న రైతులు ఉన్నారు. ఫానీ లౌ హేమర్ 1962లో ఓటు నమోదుకు వెళ్లి వచ్చిన రోజే, పద్దెనిమిదేళ్లుగా పనిచేసిన తోట నుంచి గెంటివేయబడిన మనిషి. ఆమె సాక్ష్యాన్ని దేశం టెలివిజన్‌లో చూస్తుండగా, అధ్యక్షుడు జాన్సన్ హడావుడిగా పత్రికా సమావేశం పెట్టించి దృష్టి మళ్లించాడు. చివరకు రాజీ సూత్రం వచ్చింది: రెండు స్థానాలు. ఆ రెండింటిలో ఎవరు కూర్చోవాలో కూడా ముందే నిర్ణయించేశారు. ఒకరు ఔషధ దుకాణం నడిపే ఆరన్ హెన్రీ, మరొకరు కళాశాల మతగురువు ఎడ్విన్ కింగ్. ఇద్దరూ మంచివారే, చదువుకున్నవారే. హేమర్ పేరు లేదు.

బేయార్డ్ రస్టిన్, రాయ్ విల్కిన్స్ వంటి అనుభవజ్ఞులు రాజీకి ఒప్పుకోమన్నారు. రస్టిన్ వాదన కొట్టిపారేయదగింది కాదు. నవంబరు ఎన్నికల్లో గోల్డ్‌వాటర్ ఓడాలి, కార్మిక సంఘాలతో, డెమొక్రాట్లతో కూటమి నిలవాలి, నిరసన నుంచి రాజకీయాలకు ఉద్యమం ఎదగాలి – ఇవన్నీ ఆలోచించదగిన మాటలే. ఆ ఎన్నికలో గోల్డ్‌వాటర్ చిత్తుగా ఓడాడు కూడా. అయినా మిసిసిపీ ప్రతినిధులు ఒక చర్చిలో కూర్చుని, పెద్దల మాటలన్నీ విని, రాజీని తిరస్కరించారు. నిర్ణయం మిసిసిపీవారిదేనన్నది మోజెస్ పట్టు. ఇక్కడ ప్రశ్న రస్టిన్ అంచనా సరైనదా కాదా అన్నది కాదు. అంచనా సరైనదైనా, దాని మూల్యం తాను చెల్లించని వ్యక్తి, చెల్లించినవారి తరఫున ఒప్పందం కుదర్చవచ్చునా అన్నది. సలహా చెప్పవచ్చు, గట్టిగా వాదించవచ్చు. కాదన్న తరువాత, కాదన్నవారికి రాజకీయం తెలియదని పెదవి విరవడం మొదలైన చోట బాధ్యత ముగిసి పెత్తనం మొదలవుతుంది. కొద్ది నెలల్లోనే మోజెస్ తన పేరు మరీ పెద్దదైపోయి ఇతరులు దానిమీద ఆనుకుంటున్నారన్న భావనతో ఇంటిపేరునే వదులుకుని ఉద్యమం నుంచి తప్పుకున్నారు. ఈ పరిత్యాగం అతిగా తోచవచ్చు. నిజానికి కొంత అతిగానే ఉంది. ఆ పేరు అవసరమైన చోట కూడా అది లేకుండా పోయింది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. తెల్ల మేధావికి లేని ఈ భారం నల్ల మేధావి నెత్తినే ఎందుకు? చర్మం రంగును బట్టి కర్తవ్యాన్ని విధించడం కూడా జాత్యహంకారపు మరో రూపం కాదా? 1963–64లో విమర్శకుడు ఇర్వింగ్ హౌ, నల్లజాతి రచయిత నిరసన రచనే చేయాలన్న ధోరణిలో రాసినప్పుడు, రాల్ఫ్ ఎలిసన్ ఇచ్చిన జవాబు సారాంశం ఇదే. ఎలిసన్ పక్షమే సరైనది. దీనికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఉంది. సాంఖ్యక శాస్త్రంలో రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా ప్రసిద్ధమైన దానిలో మొదటి పేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావుది, రెండోది నల్లజాతి గణితవేత్త డేవిడ్ బ్లాక్‌వెల్‌ది. 1940లలో జాతి కారణంగానే బర్క్‌లీలో బ్లాక్‌వెల్‌కు ఉద్యోగం ఇవ్వలేదు. పదేళ్లు దాటాక అదే విశ్వవిద్యాలయం పిలిచింది. ఆయన అంచనా సిద్ధాంతాల మీద జీవితం గడిపినందుకు ఎవరూ ఆయనను నిలదీయనక్కరలేదు. ఏ పౌరునికైనా ఉన్న బాధ్యతే ఆయనకూ ఉంది, అంతకు మించి లేదు.

బాధ్యత చర్మం నుంచి పుట్టదు, చెప్పుకునే అధికారం నుంచి పుడుతుంది. ఒక పేట కష్టాన్ని వస్తువుగా చేసుకుని గ్రంథం రాసినవాడు, ఆ పేటను గురించి ప్రభుత్వ సంఘాల ముందు సాక్ష్యమిచ్చేవాడు, ఆ పేట పేరుతో పీఠమెక్కినవాడు అప్పుపడ్డాడు. అతడు నల్లవాడైనా తెల్లవాడైనా ఆ అప్పు ఒకటే. నల్లవాడైనప్పుడు దానికి ఒక చిక్కు తోడవుతుంది: అతన్ని వినేవారు అతని రంగును ఆ పేట ఆమోదంగా లెక్కవేస్తారు, ఆ పేట ఎన్నడూ ఇవ్వని ఆమోదంగా. కనుక ఆ ఆమోదం తనకు లేదని చెప్పవలసిన పని అతనిదే.

కార్టర్ వుడ్సన్ దీన్ని డబ్బు రూపంలో గ్రహించారు. 1915లో ఆయన స్థాపించిన నల్లజాతి చరిత్ర పరిశోధక సంఘానికి మొదట శ్వేతజాతి సంస్థల విరాళాలు ఆధారం. 1930ల్లో అవి ఎండిపోయాక బడిపంతుళ్లు, చర్చి సభ్యులు, సామాన్యులు పంపిన చిన్న మొత్తాలతో సంఘం నిలిచింది. 1926లో ఆయన ప్రారంభించిన చరిత్ర వారోత్సవాన్ని ఊరూరా మోసింది కూడా ఆ బడిపంతుళ్లే. చందాదారుడు అడగగలడు, విసిగితే చందా మానగలడు. హెరాల్డ్ క్రూస్ 1967లో నల్లజాతి మేధావులు తమ సొంత సంస్థలు కట్టుకోలేదని నిందించినప్పుడు మూడు దశాబ్దాల ఈ అనుభవానికి దక్కవలసినంత చోటు ఇవ్వలేదు.

ఈ చరిత్రకు భారతదేశంతో సంబంధం ఊహించుకున్నది కాదు. 1946 జూలైలో అంబేడ్కర్ డుబాయిస్‌కు లేఖ రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవారు సమర్పించిన విజ్ఞాపన ప్రతులను కోరారు. అస్పృశ్యుల స్థితికీ నల్లవారి స్థితికీ ఉన్న పోలికను ప్రస్తావించారు. డుబాయిస్ ఆ నెలలోనే జవాబిచ్చారు. చదువుకున్న తన వారే తనను వంచించారని అంబేడ్కర్ 1956 మార్చిలో ఆగ్రాలో వాపోయిన మాట దళిత సమాజం నేటికీ తలచుకుంటూనే ఉంది. డుబాయిస్ 1948 సభను గుర్తుకుతెచ్చే మాట అది. తెలుగునాట 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను వేటాడి చంపినప్పుడు బొజ్జా తారకం హైకోర్టులో తన ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేశారు. ఏ ప్రభుత్వం తరఫున కోర్టులో నిలబడాలో ఆ ప్రభుత్వాన్నే బాధితులు ప్రశ్నిస్తున్నప్పుడు రెండు చోట్లా ఒకేసారి నిలబడడం కుదరదన్న వివేకం అది. ఇరు దేశాల ఉద్యమాలను పోల్చే వ్యాసాలు కవితల పోలికలతో తృప్తిపడుతున్నాయి. రాజీనామాలను, పోయిన పింఛన్లను, చందా పుస్తకాలను పోల్చి చూసే పని ఇంకా మిగిలే ఉంది.

నేడు అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉన్న నల్లజాతి అధ్యయన శాఖలు దాతల ఔదార్యంతో పుట్టినవి కావు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాలలో 1968 నవంబరు 6న మొదలైన విద్యార్థుల సమ్మె సుమారు అయిదు నెలలు సాగింది. పోలీసులు ప్రాంగణంలో లాఠీలు ఝళిపించారు, వందల మంది అరెస్టయ్యారు. సమ్మె కోర్కెలు పదిహేను. శాఖ కావాలన్నది వాటిలో ఒకటి. చేరదలచిన ప్రతి నల్లజాతి విద్యార్థికీ ప్రవేశం ఇవ్వాలన్నది మరొకటి. 1969 మార్చిలో ఒప్పందం కుదిరినప్పుడు శాఖ వచ్చింది. ప్రవేశాల కోర్కె కోరినంత మేరకు నెరవేరలేదు. శాఖ మొదటి సమన్వయకర్త, సమ్మెలో విద్యార్థుల పక్షాన నిలిచిన నేథన్ హేర్‌ను కళాశాల తిరిగి తీసుకోలేదు. ఆ తరువాత ఎన్నో ప్రాంగణాల్లో అటువంటి శాఖలు వెలిశాయి, వాటిలో ఆచార్యులు వచ్చారు, గ్రంథాలు వచ్చాయి, పురస్కారాలు వచ్చాయి. శాఖల చరిత్ర రాసేవారు మొదటి కోర్కెతో గ్రంథం మొదలుపెడతారు. రెండో కోర్కె ఏమయిందని అడిగేవారు ఆ ప్రాంగణాల గేటు బయట ఉన్నారు.